జక్రయ్య సీరియం సల్ఫేటు

మా కాలేజీలో సీరియం సల్ఫేటు చేయడం వచ్చిన మనిషి ఒక్కడే. ఎమ్మెస్సీ చదివి కెమిస్ట్రీ పాఠాలు చెప్పే నాకు చేతకాదు, డాక్టరేటు ఉన్న మా హెడ్డుకూ చేతకాదు. అటెండరు జక్రయ్యకు వచ్చు. సిగ్గుపడాల్సిన సంగతే గాని ఆ రోజుల్లో నాకు సిగ్గనిపించలేదు. మంచి వంటమనిషి దొరికినట్టు సంతోషించాను.

జక్రయ్యదీ మా ఊరే. దర్శి వైపు, కాలేజీ ఉన్న ఒంగోలు నుంచి బస్సులో గంటన్నర. ఊళ్ళో మేము, ఊరికి ఎడంగా పల్లెలో వాళ్ళు, మధ్యలో మా మిరప చేను. మా నాన్న ఆదెయ్య పత్తీ మిరపా వేసే రైతు. జక్రయ్య భార్య ఎలీసమ్మ మా చేలోనే కాయ కోతకు వచ్చేది. పొద్దున్నే అతనూ నేనూ ఒకే బస్సెక్కేవాళ్ళం, నేను ముందు సీట్లో, అతను వెనక. అతనికి యాభై దాటాయి, నాకు ఇరవై ఎనిమిది. అతను నన్ను అమ్మాయిగారూ అనేవాడు, నేను అతన్ని ఏం జక్రయ్యా అనేదాన్ని. నా పేరు శివపార్వతి అని అతనికి తెలుసో లేదో కూడా నాకు తెలియదు.

సీరియంను అరుదైన లోహాల్లో చేర్చారు గాని అది పేరుకే అరుదు. పెట్రోమాక్సు లైటు మాంటిల్లోనూ, సిగరెట్ లైటరు రాయిలోనూ ఉండేది అదే. దాని ఆక్సైడు లేత పసుపు పొడి. జక్రయ్య ఆ పొడిని పింగాణీ గిన్నెలో వేసి, గాఢ గంధకామ్లం కలిపి, ఇసుక తట్ట మీద సన్నటి సెగన పెట్టేవాడు. తెల్లటి పొగలు లేచి అణిగేదాకా అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు. పొడి నారింజరంగు ముద్దయ్యాక, చల్లార్చి, దాన్ని కొంచెం కొంచెంగా యాసిడు కలిపిన నీళ్ళలో వేసేవాడు. నీళ్ళను ముద్ద మీద పోయకూడదు, పోస్తే మొహం మీదికి చిమ్ముతుంది. తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడు చుక్కచుక్కగా వదిలితే పసుపంతా పోయి ద్రవం తేటపడేది.

ఇక్కణ్ణుంచే అది మాట వినదు. పంచదారైనా, తోటల్లో కొట్టే మైలుతుత్తమైనా వేడినీళ్ళలో బాగా కరుగుతాయి. ఈ ఉప్పు తిరుగుడు సరుకు. చల్లటి నీళ్ళలో కరుగుతుంది, వెచ్చబెడితే స్ఫటికాలై బయటపడుతుంది. ఆ స్ఫటికాలను తేమ పోయేదాకా కాల్చి, ఆ పొడిని మళ్ళీ కరిగించాలంటే మంచులాంటి నీళ్ళలో చిటికెడు చిటికెడుగా చల్లుతూ కలుపుతూ ఉండాలి. తొందరపడి ఒక్కసారే గుమ్మరిస్తే సున్నపుగడ్డలా బిగుసుకుపోతుంది.

"కొందరు మనుషులూ అంతేనండి అమ్మాయిగారూ" అనేవాడు జక్రయ్య. "చల్లగా చెప్తే కరుగుతారు. వేడి చూపిస్తే బిగుసుకుంటారు." నా కోపం గురించే అంటున్నాడని తెలిసేది. మా ఇంటావంటా ఉన్న కోపం అది, నేను కొత్తగా తెచ్చుకుంది కాదు.

జక్రయ్య జీవితంలో సాధించింది ఏమిటని ఎవరైనా అడిగితే పల్లెలో బోరు అని చెప్పాలి. బోరు రాకముందు పల్లెకు తాగునీళ్ళు మా బావివే. చెరువు కట్ట కింద తవ్విన తియ్యనీళ్ళ బావి. పల్లెవాళ్ళు గట్టు ఎక్కకూడదు, చేద ముట్టకూడదు. కింద కడవలు పెట్టుకుని నిలబడితే మా అమ్మ బసవమ్మో, పాలేరో తోడి పైనుంచి పోసేవాళ్ళు. మా వాళ్ళకు తీరిక లేకపోతే పొద్దెక్కేదాకా అలాగే నిలబడేవాళ్ళు. ఆలస్యంగా కోతకు వచ్చారని మళ్ళీ మా నాన్నే తిట్టేవాడు. జక్రయ్య ఆరేళ్ళపాటు ఆఫీసుల చుట్టూ తిరిగి, అర్జీల మీద అర్జీలు పెట్టి, ఎనభై ఒకటి మే నెలలో పల్లెలో బోరు వేయించాడు. ఆ వారంలోనే అతని ఒక్కగానొక్క కూతురు ఆడపిల్లను కని, కానుపులోనే పోయింది. ఆ పిల్ల రెబ్కా. తాతా అమ్మమ్మల చేతుల్లోనే పెరిగింది.

అప్పటి నుంచి ఏటా మే నెలలో పల్లె చర్చిలో బోరు కోసం కృతజ్ఞత కూడిక జరిపేవాళ్ళు. తొలి కాపు కూరగాయలు తెచ్చినట్టు, తొలిసారి పొదిగించిన కోడిపిల్లను తెచ్చినట్టు, ఆ రోజు బోరు నుంచి మొదటి కడవను తెచ్చి బల్ల ముందు పెట్టేవాళ్ళు. పాస్టరు ప్రేమదాసుగారు ప్రార్థన చేశాక కడవను వేలం వేసేవాళ్ళు. ప్రతి ఏడూ జక్రయ్యే పాడుకునేవాడు, అతనికి పోటీగా ఎవరూ గొంతెత్తేవాళ్ళు కాదు.

ఎనభై ఆరు మే నెలలో మా కాలేజీకి యూనివర్సిటీ వాళ్ళ ఇన్‌స్పెక్షను పడింది. ల్యాబులో సీరియం సల్ఫేటు ద్రావణం చూపించాలి. మూడు రోజులుగా కరెంటు లేదు. డిస్టిల్డు వాటరు సీసాలో నీళ్ళు టీ పెట్టుకునేంత వేడిగా ఉన్నాయి, ఐసు ఎక్కడా దొరకలేదు. ముందురోజే పల్లెలో కూడిక అయింది. జక్రయ్య తాను పాడుకున్న నీళ్ళు కూజాలో పోసుకుని ల్యాబుకు తెచ్చుకున్నాడు. కూజా నీళ్ళు చల్లగా ఉన్నాయి, అందులోనూ ప్రార్థన చేసిన నీళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఒక్క తప్పు చేయని మనిషి, ఆ నీళ్ళలో పొడి చల్లాడు.

నేను వెళ్ళేసరికి బీకరులో బియ్యం కడిగిన నీళ్ళలాంటి తెల్లటి కలక. ఏ నీళ్ళు పోశావంటే చెప్పాడు. "బోరు నీళ్ళండి. చల్లగా ఉన్నాయని. మంచి జరుగుద్దని."

ఏమేమి అన్నానో అన్నీ గుర్తులేవు. నీ భక్తి నీ ఇంట్లో పెట్టుకో అన్నాను. నా కళ్ళముందు ఉండకు, బయటికి పో అన్నాను. అతను తల వంచుకుని వరండాలోకి వెళ్ళి నిలబడ్డాడు.

సున్నం ఎక్కువున్న నీళ్ళలో ఈ ఉప్పు విరగడం మామూలే. రెండు చుక్కల యాసిడు వేస్తే బుడగలొచ్చి తేటపడుతుంది. వేశాను. బుడగలు వచ్చాయి, చాలామటుకు తేటపడింది. కాని పూర్తిగా కాదు. అద్దం మీద ఊదితే పట్టే ఆవిరిలా సన్నటి మసక నిలిచిపోయింది. ఇంకో చుక్క వేశాను. మసక కదల్లేదు. నా సంచిలో ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా ఉంది, మా బావి నీళ్ళు. అవీ కొద్దిగా గాజు గొట్టంలో పోసి అదే ఉప్పు వేశాను. విరిగాయి. యాసిడు చుక్క వేశాను. వెంటనే శుభ్రంగా తేటపడ్డాయి.

సీరియంతో కలిసి యాసిడుకు లొంగకుండా కూర్చునేవి ఎక్కువ లేవు. వాటిలో ఫ్లోరైడు ఒకటి.  పల్లె పిల్లలు మా చేలో పత్తి తీసేటప్పుడు నవ్వుతుంటే కనిపించే గారపళ్ళు గుర్తొచ్చాయి. పొగాకు నమిలి పాడు చేసుకున్నారు అనేది మా అమ్మ. ఏడేళ్ళ పిల్లలు పొగాకు నములుతారా అని ఏనాడూ ఆలోచించలేదు నేను. నలభై ఏళ్ళకే నడుం వంగక, మెడ తిరగక, వెనక్కి చూడాలంటే ఒళ్ళంతా తిప్పే మనుషులు గుర్తొచ్చారు. ఇంత తెలిశాక కూడా, ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు, ముందు జక్రయ్యను లోపలికి పిలిచి, తడిగుడ్డ చుట్టి చల్లార్చిన డిస్టిల్డు నీళ్ళతో ఇన్‌స్పెక్షనుకు వేరే ద్రావణం సిద్ధం చేయించాను. ఆ తర్వాతే బోరు నీళ్ళు సీసాలో పట్టి పరీక్షకు పంపించాను.

నెలకు జవాబొచ్చింది. లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాములు. ఒకటిన్నర దాటితే తాగకూడదు.

స్టోరు రూములో జక్రయ్యను కూర్చోబెట్టి చెప్పాను. అతను కూర్చోలేదు, నిలబడే విన్నాడు. పళ్ళ సంగతి చెప్పాను, ఎముకల సంగతి చెప్పాను.  తర్వాత అడిగాడు.

"మా రెబ్కా పరిగెత్తేటప్పుడు మోకాళ్ళు ఒరుసుకుంటన్నాయండి. ఈ మధ్యనే. దీనివల్లేనా?"

"కావచ్చు. ఐదేళ్ళ పిల్ల, ఎముకలు ఇంకా ఎదిగేవే. ఇప్పుడే ఆ నీళ్ళు మానిపిస్తే ఆగొచ్చు. లేటయితే కాళ్ళు వంగిపోతాయి."

"మానిపిచ్చి ఏం తాగించాలండి?"

దానికి నా దగ్గర ఉన్న జవాబు ఒకటే, మా బావి. అది నోటితో అనలేకపోయాను. అతనే అర్థం చేసుకున్నాడు.

ఆ సాయంత్రం మా నాన్నతో మాట్లాడాను. పల్లెవాళ్ళను గట్టెక్కి తోడుకోనివ్వమన్నాను. నాన్న చుట్ట తీసి పక్కన పెట్టాడు. "నీళ్ళు పొయ్యం అని ఎవురన్నారు? పోస్తాం. మునుపటి మాదిరి కింద నిలబడమను. గట్టెక్కుతామంటే మాత్రం కుదరదు. నాకు సరేగాని, ఊరు ఒప్పుకోదు." రెండు రోజులు అన్నం మానేశాను. మూడోరోజు తిన్నాను. ఆకలేసింది, తిన్నాను, అంతే.

జక్రయ్యకు రెబ్కా ఒక్కదాన్నే కాపాడుకుంటే సరిపోయేది. కాని అతను అలా అనుకోలేదు. "బోరు తెచ్చింది నేనండి. చెప్పాల్సింది కూడా నేనే" అన్నాడు. వచ్చే ఆదివారం చర్చిలో అందరికీ చెబుతానన్నాడు. కాగితం మీద అంకెలు చూపిస్తే ఎవరూ నమ్మరు, కళ్ళకు కనపడాలన్నాడు. "ఈ ఉప్పు చూపిస్తదాండి? మా నీళ్ళు ఇరిగి, మీ నీళ్ళు ఇరగకుండా?"

"చూపిస్తుంది" అన్నాను.

యాసిడు చుక్క సంగతి చెప్పలేదు. ఆ పరీక్ష చేసినప్పుడు అతను వరండాలో ఉన్నాడు, నేనే పంపాను. దాచాలని దాచలేదు. అటెండరుకు అంత వివరం ఎందుకులే అనుకున్నాను. ఇన్నేళ్ళుగా అతని చేతి పని మీద పాఠాలు చెప్పుకుని బతికిన నేను, అతనికి చెప్పాల్సిన ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ ఆదివారం జక్రయ్య ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని మా ఇంటికొచ్చి, ఒక సీసాలో బావినీళ్ళు పోయించుకున్నాడు. నాకు ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. కాసేపటికి వెనకే వెళ్ళి చర్చి గుమ్మం దగ్గర నిలబడ్డాను. వాక్యం అయిపోయింది. జక్రయ్య బల్ల ముందు రెండు గాజు గ్లాసులు పెట్టాడు. ఒక దాంట్లో బోరు నీళ్ళు, ఇంకో దాంట్లో మా బావి నీళ్ళు. బోరు నీళ్ళలో విషం ఉందని, పిల్లల పళ్ళకూ కాళ్ళకూ అదే కారణమని చెప్పాడు. అప్పటిదాకా విసనకర్రలు ఊపుకుంటున్న ఆడవాళ్ళు ఆపేశారు.

బోరు నీళ్ళ గ్లాసులో వెంట తెచ్చుకున్న సీరియం ద్రావణం పోశాడు. తెల్లగా విరిగాయి.  ఎవరో పిల్లను దగ్గరికి లాక్కున్నారు. నమ్మారు. ఆ నిమిషాన అందరూ నమ్మారు.

తర్వాత మా బావి నీళ్ళలో పోశాడు. అవీ తెల్లగా విరిగాయి.

జక్రయ్య గ్లాసు ఎత్తి వెలుతురులో పట్టి చూశాడు. మళ్ళీ కాసిని పోశాడు. ఇంకా చిక్కగా విరిగాయి.  అతను ఆ గ్లాసునే చూస్తూ నిలబడిపోయాడు.

ప్రేమమ్మ లేచింది. బోరుకు ఎదురుగా ఉండే ఇల్లు వాళ్ళది, రెబ్కా ఈడు కొడుకున్నాడు, యాకోబు. "రెండూ ఇరిగినియ్యి గదా బాబాయ్. వాళ్ళయ్యి తాగితే ఏం గాదు, మనయ్యి తాగితే కాళ్ళు వంగుతాయా? చిన్నప్పుడు కడవ పట్టుకుని ఎండలో నిలబడీ నిలబడీ కళ్ళు తిరిగి పడ్డదాన్ని నేను. మళ్ళా నా కొడుకును దోసిలి పట్టమంటావా?" అంటూ తల తిప్పి గుమ్మం వైపు చూసింది. "అదిగో, ఊరి అమ్మాయి. పంపిచ్చినోళ్ళు కూడా వచ్చారు చూసుకోండి."

అందరూ నన్ను చూశారు. ఒక్క నిమ్మకాయ చాలు. ఏ ఇంట్లో అడిగినా దొరికేది. నాలుగు చుక్కలు పిండితే మా నీళ్ళు తేటపడేవి, వాళ్ళవి మసగ్గానే ఉండేవి. ఆ మాట నా నాలుక చివర దాకా వచ్చింది. కాని ఆదెయ్య కూతుర్ని పట్టుకుని అంత మాట అంటుందా అని ఒళ్ళు భగ్గుమంది. వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాను. ఇంతే జరిగింది. నేను చేసిన పని గురించి ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు.

మర్నాడు తెల్లారేసరికి జక్రయ్య ఒక్క కడవతో మా బావి గట్టు కింద నిలబడి ఉన్నాడు. ఖాకీ చొక్కా, చేతికి వాచీ. మా అమ్మ తోడి పోసింది. అప్పటి నుంచి రోజూ బస్సు వేళకు ముందు వచ్చేవాడు. ఆ కడవ రెబ్కా కోసమే. అతనూ ఎలీసమ్మా బోరు నీళ్ళే తాగేవాళ్ళు. ఎందుకని అడిగితే "మా ఎముకలు ఎదిగేది లేదు గదండి" అన్నాడు. ఊరికి అమ్ముడుపోయాడని పల్లెలో అతన్ని పలకరించడం మానేశారు. తరువాతి మే నెలలో కడవ వేలం అయినప్పుడు వేరేవాళ్ళు పాడుకున్నారు.

చర్చి సంగతి జరిగిన ఆ వానాకాలంలోనే, ఒక మధ్యాహ్నం నా టేబులు మీద రెండు గొట్టాలు తెచ్చి పెట్టాడు. ఒకటి తేటగా ఉంది, ఒకటి మసగ్గా ఉంది.

"యాసిడు చుక్క వేస్తే మీ బావియ్యి తేటపడ్డాయండి. మావి పడలా. మీకు తెలుసు గదండి?"

"తెలుసు."

"మరి చెప్పలేదేమండి?"

"నువ్వు అడగలేదుగా" అన్నాను.

జక్రయ్య తలూపి గొట్టాలు తీసుకుని కడగడానికి వెళ్ళాడు. ఆ తర్వాత నాతో పని మాటే గాని వేరే మాట మాట్లాడలేదు. ఇప్పుడైనా పల్లెకు వచ్చి చెబుతాను అంటే "మీరొస్తే ఇంకా నమ్మరండి" అన్నాడు. తనే నిమ్మకాయ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడట. కొందరు తలుపు తీయలేదు, తీసినవాళ్ళు నవ్వారు. నేను పై ఆఫీసులకు అర్జీలు రాశాను. పరిశీలనలో ఉందని ఒక కార్డు వచ్చింది.

మూడేళ్ళు గడిచాయి. పత్తికి తెల్లదోమ పట్టిన ఏడు, మా ఊళ్ళో ఎవరి ఏడుపు వాళ్ళదే అయింది. పల్లెలో మాత్రం ఆ పాడు జబ్బు ఏ సందడీ లేకుండా ఎక్కింది. ముందు మేకపిల్లలు కుంటసాగాయి. తర్వాత పిల్లలు మెట్టెక్కాలంటే గోడ పట్టుకోవడం మొదలుపెట్టారు. సంతలో దొరికే నూనెలు రుద్దారు, తాయెత్తులు కట్టారు. బోరు మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొడుతూనే ఉండేవాళ్ళు. మా ఇంటికి ఆ చప్పుడు వినిపించేది. వినీ విననట్టు మిరపకాయలు ఎండబోసుకునేవాళ్ళం.

ఎనభై తొమ్మిది ఆగస్టు పదిహేనుకు పల్లె బడిలో జెండా ఎగరేయడానికి నన్ను పిలిచారు. వెళ్దామా వద్దా అనుకుంటూనే వెళ్ళాను. మెళ్ళో దండ వేసి కుర్చీలో కూర్చోబెట్టారు. పిల్లలకు పిప్పరమెంటు బిళ్ళలు పంచారు. తర్వాత ఎనిమిదేళ్ళ పిల్లలకు పరుగుపందెం అన్నారు.

తొమ్మిది మంది వరసలో నిలబడ్డారు. మాస్టారు ఈల వేశాడు. ఎనిమిది మంది మోకాళ్ళు ఒరుసుకుంటూ, ఒకళ్ళ మీద ఒకళ్ళు ఒరుగుతూ, నాలుగు అడుగులు వేసి ఆగిపోయారు. యాకోబు పడ్డాడు, లేవడానికి చేతులు ఆనించాల్సి వచ్చింది. రెబ్కా ఒక్కతే పరిగెత్తింది. నిటారైన కాళ్ళతో, రెండు జడలూ ఎగురుతుంటే, అవతలి గోడ ముట్టుకుని వెనక్కి తిరిగి చూసింది. తన వెనక ఎవరూ లేకపోవడం చూసి దాని మొహంలో నవ్వు పోయింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జక్రయ్య కూడా కొట్టలేదు. ఆ పిల్ల కాళ్ళ కోసం మూడేళ్ళు గట్టు కింద నిలబడిన మనిషి, దాని గెలుపు చూసి నేల వైపు తల దించుకున్నాడు. తల్లులందరూ ఒక్కసారి రెబ్కా కాళ్ళను చూశారు, తర్వాత తమ పిల్లల కాళ్ళను చూసుకున్నారు. గ్లాసూ వద్దు, ఉప్పూ వద్దు. ఈసారి ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

ప్రేమమ్మ కొడుకును లేపి చంకనేసుకుంది. ఎనిమిదేళ్ళ పిల్లాడు, మోయలేక ఒక పక్కకు వంగిపోతూ వచ్చి జక్రయ్య ముందు ఆగింది. తిడుతుందేమో అనుకున్నాను, నీ మనవరాలు ఒక్కదాన్నే కాపాడుకున్నావు అంటుందేమో అనుకున్నాను. నేను కుర్చీలో నుంచి లేవలేకపోయాను.

"బాబాయ్, రేపు పొద్దున నేనూ బావికాడికి వస్తా" అంది. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఎట్టా నిలబడేవాళ్ళమో మర్చిపోయా. కడవ ఎంత దూరాన పెట్టాల?"

జక్రయ్య నా వైపు చూడలేదు. కాలి బొటనవేలితో మట్టిలో ఒక గీత గీశాడు.

"గట్టుకు ఇంత ఎడం" అన్నాడు.